ఊరు ఓటేసి తెచ్చుకున్న కరెంటు

కెనడాలోని మాంట్రియల్ నుంచి ఉత్తరంగా దాదాపు 1,500 కిలోమీటర్లు చిన్న విమానంలో ప్రయాణించి, హడ్సన్ అఖాతం తూర్పు తీరాన ఉన్న ఇనుక్‌జువాక్‌లో దిగాను. ఆర్కిటిక్ ఆదివాసులైన ఇనుయిట్లు సుమారు 1,800 మంది ఉండే ఈ గ్రామానికి బయటి నుంచి రోడ్డు లేదు, రైలు లేదు. బరువైన సరుకు ఏదైనా సముద్రం మీద మంచు కరిగిన కొద్ది నెలల్లో ఓడలో రావలసిందే. క్యూబెక్ రాష్ట్రపు ఉత్తర భాగమైన నునావిక్‌లో ఇలాంటి గ్రామాలు 14 ఉన్నాయి. జలవిద్యుత్తుకు పేరుపడ్డ రాష్ట్రమే అయినా, దాని గ్రిడ్ వీటిలో ఒక్క ఊరికీ అందలేదు. దశాబ్దాలుగా వీరంతా ఓడలు దించిపోయే డీజిల్‌తోనే దీపాలు వెలిగించుకున్నారు. 2023లో ఇన్నావిక్ జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టాక ఇనుక్‌జువాక్ ఆ వరుస నుంచి బయటపడింది. శ్రీశైలం ముంపులో మా అమ్మమ్మ పుట్టిన ఊరు పోయింది కనుక, నదికి అడ్డంగా ఏదైనా కట్టారని వింటే అక్కడివాళ్లను అడిగి కట్టారా అన్న ప్రశ్నే నాకు ముందు పుడుతుంది. ఆ ప్రశ్నే నన్ను ఇంత దూరం తీసుకువచ్చింది.

నాకు ఆతిథ్యమిచ్చిన పెద్దావిడ ఇంట్లో, గుమ్మం దాటగానే ఉన్న చిన్న గదిలో, మసిపట్టిన పాత ఆయిల్ ఫర్నేసు, దాని పక్కనే కొత్తగా బిగించిన విద్యుత్ పరికరాలు కనిపించాయి. ఇంటి బయట ఆయిల్ ట్యాంకు ఇంకా అలాగే ఉంది. మామూలు రోజుల్లో కరెంటే ఇంటిని వెచ్చగా ఉంచుతుందనీ, చలి మరీ ముదిరినప్పుడు పాత ఫర్నేసు అందుకుంటుందనీ ఆవిడ మనవరాలు వివరించింది. ఇందులో విశేషమేముందని మనకు అనిపించవచ్చు. డీజిల్‌ను మండించి కరెంటు తీస్తే ఇంధనంలోని శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే వృథా అవుతుంది. అలా వచ్చిన కొద్దిపాటి కరెంటుతో మళ్లీ గదిని వేడి చేయడం శుద్ధ దండుగ. అందుకే నునావిక్‌లో కొంత వాడకం దాటితే కరెంటు ధర బాగా పెరిగేలా టారిఫ్ పెట్టారు, ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి విడిగా ఆయిల్ వాడించారు. నది నుంచి కరెంటు వచ్చాకే ఈ ఇంట్లో హీటరుకు చోటు దొరికింది.

రాత్రి భోజనానికి నేల మీద అట్ట పరిచి, గడ్డకట్టిన ఆర్కిటిక్ చార్ చేపను పెట్టారు. అర్ధచంద్రాకారపు ఉలూ కత్తితో ఆవిడ చేపను పలుచగా కోస్తుంటే, చుట్టూ కూర్చున్నవాళ్లందరూ చేత్తో తీసుకుని పచ్చిగానే తిన్నారు. ఆ చేప గురించి మాట్లాడుకోకుండా ఈ ప్రాజెక్టు గురించి మాట్లాడటం ఇక్కడ సాధ్యం కాదని అప్పుడే తెలిసింది. భారీ జలాశయాల కింద మునిగిన నేల నుంచి పాదరసం చేపల్లోకి చేరుతుందని, ఇదే రాష్ట్రంలో కట్టిన భారీ జేమ్స్ బే జలవిద్యుత్ ప్రాజెక్టులు చూసినవారికి అనుభవమే. 1984 సెప్టెంబరులో, ఆ ప్రాజెక్టుల కోసమే ఆనకట్ట కట్టిన కనియాపిస్కో నది ఉధృతిలో సుమారు 10,000 కారిబూ దుప్పులు కొట్టుకుపోయి చనిపోయిన సంగతిని నునావిక్ వేటగాళ్లు మరిచిపోలేదు. ఇన్నావిక్ సామర్థ్యం 7.5 మెగావాట్లే. పెద్ద జలాశయం నింపకుండా పారే నీటితోనే నడిచేలా దాన్ని కట్టారు. మర్నాడు నది ఒడ్డున నిలబడినప్పుడు, కట్టడం కన్నా నీటి హోరే ఎక్కువగా నన్ను ఆకట్టుకుంది.

ఈ ఊరి గత చరిత్ర తెలిస్తేనే ఇక్కడ అడగడం, ఒప్పుకోవడం అన్నవాటి బరువు తెలుస్తుంది. 1953లో కెనడా ప్రభుత్వం ఇక్కడి నుంచి కొన్ని కుటుంబాలను ఓడ ఎక్కించి, దాదాపు 2,000 కిలోమీటర్ల ఉత్తరాన, శీతకాలంలో సూర్యుడే కనిపించని గ్రీజ్ ఫియోర్డ్, రిజల్యూట్ ప్రాంతాల్లో దించింది. నచ్చకపోతే రెండేళ్లలో తిరిగి రావచ్చన్న మాట నిలబెట్టుకోలేదు. 1971లో జేమ్స్ బే ప్రాజెక్టునూ అక్కడి ఆదివాసులైన క్రీ ప్రజలనూ ఇనుయిట్లనూ అడగకుండానే ప్రకటించారు. వారు కోర్టుకెక్కి పోరాడిన తరువాతే భూమి హక్కులపై 1975 ఒప్పందం వచ్చింది. ఆ ఒప్పందం కారణంగానే ఊరి భూములను చూసుకునే పిటువిక్ సంస్థ ఏర్పడింది. 1953 నాటి తరలింపుకు ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. అదే ఏడాది ఇనుక్‌జువాక్ ప్రజలు తమ నది మీద విద్యుత్ కేంద్రం కావాలా వద్దా అని ఓటు వేశారు. ఓటేసినవారిలో 83 శాతం కావాలన్నారు.

ఆ తరువాత పిటువిక్, విద్యుత్ కేంద్రాలు కట్టి నడిపే ఇన్నర్జెక్స్ కంపెనీ చెరి సగం భాగస్వాములయ్యాయి. 2019లో రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ హైడ్రో-క్యూబెక్‌తో 40 ఏళ్ల కరెంటు కొనుగోలు ఒప్పందం కుదిరింది. ఓటు నుంచి కరెంటు దాకా 13 ఏళ్లు పట్టింది. దీన్ని జాప్యం అనేవారితో నేను ఏకీభవించలేను. నమూనాలన్నీ సిద్ధమయ్యాక ఒక సాయంత్రం సభ పెట్టి, టీ ఇచ్చి, సంతకాలు తీసుకోవడాన్ని ప్రజాభిప్రాయ సేకరణగా చలామణీ చేయడం చాలాచోట్ల చూశాం. ఇక్కడ ఊరివాళ్ల సంస్థే మొదట కాగితం పట్టుకుంది, ఊరివాళ్ల భాషలోనే చర్చ జరిగింది, లాభంలో సగం ఊరికే చెందుతుంది.

అప్పట్లో వద్దని ఓటేసిన ఒక నడివయసు వేటగాడు కూడా నాతో మాట్లాడాడు. కేంద్రం మీద ఆయనకిప్పుడు కోపం లేదు, కానీ చేపల మీద బెంగ పోలేదు. ప్రతి ఏటా తన వలలో పడే చేపల పరిమాణాన్ని తానే గమనిస్తున్నాడట. అధికారుల నివేదిక ఏం చెప్పినా, తన లెక్క కూడా సభలో వినాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదల న్యాయమైనదని నా నమ్మకం. 83 శాతం ఒప్పుకున్నారని మిగిలినవారి ప్రశ్నలు చెల్లకుండా పోవు.

తిరుగు ప్రయాణంలో నా పక్క సీటులో కూర్చున్న యువకుడిది నునావిక్‌లోనే మరో ఊరు. అక్కడ ఇప్పటికీ డీజిలే. ఇనుయిట్ల మకివిక్ సంస్థ, ఉత్తరాది సహకార సంఘాల సమాఖ్య కలిసి 2017లో స్థాపించిన టర్కుటి ఎనర్జీ ఇలాంటి ఊళ్లకు గాలి, సూర్యరశ్మి వంటి వనరులతో కరెంటు తేవాలని పనిచేస్తోంది. గాలిమర వస్తే బాగుంటుందా అని అడిగాను. వస్తే మంచిదేనని అన్నాడు. దాన్ని ఏ గుట్ట మీద నిలబెట్టాలో మాత్రం తమ ఊళ్లో పెద్దబాతుల వేటకు వెళ్లేవాళ్లే చెప్పాలనీ, ఆ సభకు తన తాతను తానే దగ్గరుండి తీసుకువెళ్తాననీ చెప్పాడు.