స్లోలో వణికే మారుతి 800, మూడో సిలిండర్ సంగతి

మా కారు 2006 మోడల్ మారుతి 800. ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే రకం), 796 సీసీ, మూడు సిలిండర్లు. రోడ్డెక్కి నలభై దాటిందంటే ఇప్పటికీ ముచ్చటగా పోతుంది. ఈ మధ్య వచ్చిన చిక్కల్లా నిలబడ్డప్పుడే. కోట జంక్షన్ దగ్గరో, ఎత్తు బ్రిడ్జి దిగాకో ఆగి న్యూట్రల్‌లో పెడితే సీటు వణుకుడు, డాష్‌బోర్డు గడగడ. లోపలి అద్దం ఎంతగా ఊగేదంటే వెనకున్న ఆటో నంబరు చదవలేకపోయేదాన్ని. సిరిమానోత్సవం దగ్గరపడి విజయనగరంలో అడుగడుక్కీ ట్రాఫిక్ ఆగే రోజులవి. ఎక్కడ ఆఫ్ అయిపోతుందోనని ఒకటే టెన్షన్.

ఊళ్లో ఒక షెడ్‌లో చూపిస్తే బానెట్ ఎత్తి, రెండు సార్లు రేజ్ చేసి, "బోర్‌కొచ్చేసింది మేడమ్, ఇంజిన్ విప్పాలి" అన్నారు. సిలిండర్లు లోపల అరిగిపోయాయని దానర్థం. ఖర్చు ముప్పై వేల పైమాటే. ఒక్క ప్లగ్గు కూడా తీసి చూడలేదు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీయకుండానే రిపోర్టు చేతిలో పెట్టినట్టనిపించింది నాకు. బండి వెనక్కి తెచ్చేసుకున్నాను.

పాత చిన్న కార్లు నడుపుకునేవాళ్లు మన వైపు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను. స్లోలో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, వణికినంత మాత్రాన ఇంజిన్ విప్పనివ్వకండి. ముందు చేయాల్సిన పరీక్షలు ఉన్నాయి, వాటిలో సగానికి పైసా ఖర్చు లేదు. అడిగి మరీ చేయించుకోండి.

మాకు దొరికిన మెకానిక్‌ది సాలూరు. లారీల ఊరు కదా, చిన్నప్పుడే లారీ ఇంజిన్ల మధ్య పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు నెల్లిమర్ల రోడ్డులో రేకుల షెడ్. నేను బాబాయ్ అంటాను. ఆయన బానెట్ జోలికే పోలేదు. బండి స్టార్ట్ చేయించి, వెనక్కెళ్లి గొంతుక్కూర్చుని, సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టారు.

"ఇలగొచ్చి నువ్వు కూడా సెయ్యెట్టి సూడమ్మా. గాలి ఒక్క తీరుగా వొస్తన్నాదా, మద్దిలో తేలిపోతన్నాదా?"

తేలిపోతోంది. ఒక లెక్క ప్రకారం, ఆగి ఆగి, మళ్లీ మళ్లీ. ఇంటికొచ్చాక కాగితం మీద వేసి చూశాను. స్లోలో ఇంజిన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకొకసారి మండుతుంది. అంటే మూడూ కలిపి సెకనుకు ఇరవై రెండు మంటల పైనే. అన్నీ సమానంగా పడితే చేతికి విడివిడిగా తెలియవు. ఒక్క సిలిండర్ సరిగ్గా మండకపోతే సెకనుకు ఏడెనిమిది చోట్ల గండి పడుతుంది, అది చేతికీ తెలుస్తుంది, సీటుకీ తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి నీరసిస్తే మిగతా మూడు కొంత కప్పిపుచ్చుతాయి. మూడింట్లో ఒకటంటే మూడో వంతు బలం పోయినట్టే.

గాలి సమానంగా వస్తూ బాడీ మాత్రం వణికితే ఇంజిన్ మౌంటింగులు చూడాలట. రబ్బరు పగిలి ఉంటుంది లేదా కుంగిపోయి ఉంటుంది. అలా కాకుండా స్లో పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఇంజిన్‌లోకెళ్లే గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీలో మసి, స్లోని నిలబెట్టే ఐడిల్ మోటారు అనుమానించాలి. అవి మూడు సిలిండర్లకీ కలిపి వచ్చే జబ్బులు. మాది ఒక్క సిలిండర్ జబ్బు. ఇప్పటి కార్లకైతే ఓబీడీ (కారు తన లోపాల్ని తానే పసిగట్టే ఏర్పాటు) సాకెట్లో స్కానర్ పెడితే ఏ సిలిండర్ మిస్సవుతోందో అదే చెబుతుంది. మన దేశంలో అది 2010 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. మా 2006 బండికి ఆ వసతి లేదు. చెవి, చెయ్యి, ప్లగ్గులే దిక్కు.

ఏ సిలిండరో తేల్చడానికి ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి చూశారు. ఇంజిన్ ఆపి, వైరు పీకి, దాని కొసకి ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఒంటిని ఇంజిన్ ఇనుముకి ఆనించి, అప్పుడు స్టార్ట్ చేయడం. కరెంటు దారి లేక కాయిల్ పాడవకుండా ఈ జాగ్రత్త. నడుస్తున్న బండి వైరు వట్టి చేత్తో పట్టుకోవద్దు, అందులో వేల వోల్టులు ఉంటాయి. కొన్ని క్షణాలకు మించి అలా నడపనూ వద్దు, మండని పెట్రోలు వెళ్లి సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. ఒకటో వైరు తీస్తే ఇంజిన్ ఆగిపోబోయింది. రెండోదీ అంతే. మూడోది తీస్తే పెద్ద తేడా లేదు.

తర్వాత మూడు ప్లగ్గులూ విప్పి పాత న్యూస్‌పేపరు మీద వరసగా పెట్టారు. నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఒకటో ప్లగ్గు, రెండో ప్లగ్గు మొన దగ్గర లేత గోధుమ రంగు. మూడోదాని పింగాణీ మాత్రం తెల్లగా, పొడిబారి ఉంది. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికొస్తోందని, నల్లగా పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని అర్థం. తెల్లబడితే పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువైంది. బోర్‌కొచ్చిన ఇంజిన్ ప్లగ్గు అలా తెల్లగా ఉండదు. అయినా ప్లగ్గులు ఎలాగూ బయటే ఉన్నాయి కదా అని సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి, సెల్ఫ్ కొట్టించారు. మూడింట్లోనూ ముల్లు దాదాపు ఒక్కచోటే ఆగింది. రింగులు, వాల్వులు బాగున్నాయి. ముప్పై వేల మాట అక్కడితో సరి. వాల్వుల్ని నొక్కి తెరిచే టాపెట్లు కూడా చూశారు. చప్పుడు చేసే టాపెట్ కంటే చప్పుడే లేని బిగువు టాపెట్ ప్రమాదమని, వాల్వు సరిగ్గా మూసుకోక కాలిపోతుందని చెప్పారు.

ఒకటో ప్లగ్గు మూడులో, మూడోది ఒకటిలో వేసి మళ్లీ స్టార్ట్. జబ్బు ప్లగ్గుతో పాటు మారలేదు, మూడో సిలిండర్లోనే ఉండిపోయింది. వైరు మార్చినా అంతే. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, ప్రతిసారీ ఆగి చూడడం. మా ల్యాబ్‌లో తేడా రిపోర్టు వస్తే మేము చేసేదీ ఇదే కాబట్టి ఆయన మీద నాకు గౌరవం పెరిగిపోయింది.

ఇక మిగిలినవి రెండు: మూడో ఇంజెక్టర్ మూసుకుపోవడం, లేదా ఎక్కడో గాలి పీల్చడం. బాబాయ్ ఒక ప్రశ్న వేశారు. "గాటీ ఎక్కితే లాగుతన్నాదా?" వణుకుడు మొదలయ్యాకే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లొచ్చాం, నలుగురు ఎక్కి ఏసీ వేసినా ఎక్కడా మొరాయించలేదు. ఇంజెక్టర్ మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ కావాల్సిన ఎక్కుడులోనే ముందు బయటపడాలి. కాబట్టి గాలే.

మొక్కలకు కొట్టే స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసి, కనెక్టర్ల మీద పడకుండా, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) ఇంజిన్ తలకి అతుక్కునే గీత వెంబడి సన్నగా కొట్టుకుంటూ వచ్చారు. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు గానీ అది మండే సరుకు, వేడి ఇంజిన్ మీద నేనైతే ఒప్పుకోను. ఒకటో గొట్టం దగ్గర ఏమీ లేదు. రెండో దగ్గరా లేదు. మూడో గొట్టం కింది అంచుకి నీళ్లు తగలగానే చిన్నగా బుస్సుమన్న చప్పుడు, నీటి పొర లోపలికి లాక్కుపోయింది, ఇంజిన్ రెండు క్షణాలు నున్నగా నడిచి మళ్లీ వణకసాగింది. నేను అద్దం వైపు చూశాను. ఆ రెండు క్షణాలూ అది కదల్లేదు!

మానిఫోల్డ్ ప్యాకింగ్ అక్కడ ఎండి చిట్లింది, చివరి నట్టు వదులైంది. స్లోలో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, మానిఫోల్డ్ లోపల ఒత్తిడి బయటి గాలిలో మూడో వంతుకు పడిపోతుంది, సన్నటి చీలిక నుంచి కూడా గాలి దూసుకొస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, లోనికెళ్లే మొత్తం గాలిలో ఆ దొంగ గాలి వాటా లెక్కలోకి రాదు. అందుకే రోడ్డు మీద బాగుండి, ఆగితే వణుకు. ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఈ బండి కంప్యూటర్ మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే సెన్సర్ చూసి పెట్రోలు లెక్క కడుతుంది. అందరికీ ఉమ్మడిగా ఉన్న చోట గాలి దూరితే సెన్సర్ పసిగట్టి పెట్రోలు పెంచుతుంది, స్లో ఎక్కువవుతుంది. ఒక్క గొట్టం చివర దూరితే ఆ గాలి ఎక్కువగా ఆ సిలిండర్‌కే పోతుంది, అదనపు పెట్రోలు మాత్రం దానికి చాలినంత అందదు.

మానిఫోల్డ్ విప్పి, పాత ప్యాకింగ్ అంతా గీకి, ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెనక లైటు పెట్టి వంపు ఉందేమో చూశారు. లేదు. కొత్త ప్యాకింగ్ వేసి, నట్లు మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించారు. ప్యాకింగ్ ఖరీదు వంద కూడా దాటలేదు. పనికి బాబాయ్ అడిగినదాని కంటే ఎక్కువే ఇచ్చాం, ఇవ్వాల్సిందే.

మూడు సిలిండర్ల బండి కాబట్టి కాస్త ఊపు ఎప్పుడూ ఉంటుంది, అది జబ్బు కాదు. ఏసీ వేసిన క్షణంలో మాత్రం స్లో కొంచెం కిందికి పడి లేస్తోంది. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను, గాలి ఒక్క తీరుగానే వస్తోంది. కాబట్టి ఈసారి థ్రాటిల్ బాడీ, ఐడిల్ మోటారు విప్పి కడగాలి. ఆదివారం షెడ్‌కి రమ్మన్నారు.