కోర్టు క్రియలు ఎలా చదవాలి: సీజీఎల్ ఇంగ్లిష్‌లో నా అనుభవం

సీజీఎల్ అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష. దాని మొదటి దశ టైర్ 1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఒక్కటి తప్పితే అర మార్కు పోతుంది. టైర్ 2లో అదే ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, 135 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అనంతపురంలో చదువుకుంటున్న మన తెలుగు మీడియం పిల్లలు చాలామంది మ్యాథ్స్, రీజనింగ్ బాగా లాగేసి ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతారు. అందులోనూ అడ్జుడికేట్, అక్విట్, క్వాష్, అప్‌హోల్డ్, డీమ్, కమ్యూట్ లాంటి కోర్టు మాటలు కనబడితే టెన్షన్. ఇవి సినానిమ్స్‌లోనూ వస్తాయి, క్లోజ్ టెస్ట్‌లోనూ వస్తాయి, ఎర్రర్ స్పాటింగ్‌లో ప్రిపోజిషన్ పట్టుకుని కూడా వస్తాయి. నాకు ఈ భాగం నుంచే నమ్మకంగా మార్కులు వచ్చాయి కాబట్టి ఎలా చదివానో వివరంగా రాస్తున్నాను.

దయచేసి వీటిని లిస్టు పెట్టుకుని బట్టీ పట్టకండి. లిస్టులో సగం మాటల ఎదురుగా 'తీర్పు చెప్పు' అనే ఉంటుంది, పరీక్షలో నాలుగు ఆప్షన్లూ ఒకేలా కనిపిస్తాయి. ప్రతి క్రియ దగ్గరా ఆగి అడగండి: నిర్ణయించేది ఎవరు, దేని మీద, ఆ తర్వాత ఏమవుతుంది?

ఊళ్లో అన్నదమ్ములకు గట్టు తగాదా వచ్చిందనుకోండి. పెద్దమనిషి ఇద్దరినీ కూర్చోబెట్టి, నచ్చజెప్పి, రాజీ మాట వాళ్ల నోటితోనే చెప్పిస్తే అది మీడియేట్. 'నువ్వేం చెప్తే దానికి కట్టుబడతాం' అని ఇద్దరూ ముందే ఒప్పుకున్నాక ఆయనే తేల్చి చెబితే ఆర్బిట్రేట్. అలా తేల్చినదాన్ని అవార్డ్ అంటారు. చట్టం ఇచ్చిన అధికారంతో కోర్టో ట్రిబ్యునలో తేలిస్తే అడ్జుడికేట్.

ఈ చివరి మాట మన జిల్లాకు చాలా దగ్గరిది. అంతర్రాష్ట్ర నదీ జలాల తగాదాల గురించి చెప్పే రాజ్యాంగం 262వ అధికరణలో ఉన్న మాట అడ్జుడికేషనే. 1956 నాటి చట్టం కింద 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో కృష్ణా జలాలను పంచింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు. తుంగభద్ర ఎగువ కాలువకు మన వాటా 32.5 టీఎంసీలు కూడా ఆ కేటాయింపుల్లోదే. డ్యాంలో పూడిక పేరుకుపోయి అన్ని నీళ్లూ రావడం లేదన్నది ఇక్కడి రైతులందరికీ తెలిసిన బాధ. ఇప్పుడు క్రియలు వరుసగా పెట్టండి: కేంద్రం తగాదాను ట్రిబ్యునల్‌కు రిఫర్ చేసింది, ట్రిబ్యునల్ అడ్జుడికేట్ చేసింది, నీళ్లను అలొకేట్ చేసింది. హెచ్చెల్సీ, అంటే ఆ ఎగువ కాలువ నీళ్లు చూసి పెరిగిన వాళ్లకు ఈ మూడూ కలగాపులగం కావు.

తెలుగు పేపర్‌తో పాటు ఇంగ్లిష్ పేపర్ కూడా చదవండి, ఒకే కోర్టు వార్తను రెండింట్లో. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో నేను రోజూ చేసిన పని ఇదే. తెలుగు హెడ్డింగ్‌లో 'కొట్టివేసింది' అని ఒక్క మాట ఉంటుంది. ఇంగ్లిష్‌లో అది కొట్టేసినదాన్ని బట్టి మారుతుంది. పిటిషన్‌ను డిస్మిస్ చేస్తారు. ఎఫ్ఐఆర్‌ను క్వాష్ చేస్తారు. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని స్ట్రైక్ డౌన్ చేస్తారు. కింది కోర్టు తీర్పును సెట్ అసైడ్ చేస్తారు. ఫిల్ ఇన్ ద బ్లాంక్స్‌లో ఖాళీ పక్కనున్న నామవాచకం చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక కేసును మొదటి నుంచి చివరి వరకూ పట్టుకుంటే ఇంకా బాగా నిలుస్తాయి. నా నోట్‌బుక్‌లో ఎలక్టోరల్ బాండ్ల (పార్టీలకు విరాళాలిచ్చే బాండ్లు) కేసుకు ఒక పేజీ ఉండేది. ఆ పథకాన్ని పిటిషనర్లు ఛాలెంజ్ చేశారు. సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం వాదనలు విని 2023 నవంబర్ 2న తీర్పును రిజర్వ్ చేసింది, అంటే తర్వాత చెబుతామని ఆపి ఉంచింది. 2024 ఫిబ్రవరి 15న పథకాన్ని ఏకగ్రీవంగా స్ట్రైక్ డౌన్ చేసి, బాండ్ల వివరాలు ఇవ్వాలని ఎస్‌బీఐని డైరెక్ట్ చేసింది. గడువు పెంచాలని బ్యాంకు వేసిన దరఖాస్తును మార్చి 11న డిస్మిస్ చేసింది. ఎడమవైపు తేదీ, మధ్యలో క్రియ, కుడివైపు దాని కర్మ రాసుకున్నాను. కరెంట్ అఫైర్స్‌కూ అదే పేజీ పనికొచ్చింది.

రివర్స్, ఓవర్‌రూల్ తేడా కూడా ఇలాగే పట్టుకోవచ్చు. అదే కేసు అప్పీల్‌లో కింది తీర్పును తిప్పేస్తే రివర్స్. వేరే కేసులో వచ్చిన పాత తీర్పు చెప్పిన సూత్రం ఇక చెల్లదంటే ఓవర్‌రూల్. 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పును 1973లో కేశవానంద భారతి కేసులో ఓవర్‌రూల్ చేశారు. పాలిటీ చదివేటప్పుడే ఈ క్రియను అండర్‌లైన్ చేసుకోండి. అక్విట్, డిశ్చార్జ్ కూడా వేరు: విచారణ పూర్తయ్యాక నిర్దోషి అంటే అక్విట్, అభియోగాలు నమోదు చేయకముందే వదిలేస్తే డిశ్చార్జ్.

ప్రిపోజిషన్లకు మాత్రం దగ్గరదారి లేదు, నోటికి రావాల్సిందే. అక్విట్ ఆఫ్, కన్విక్ట్ ఆఫ్, అక్యూజ్ ఆఫ్. ఛార్జ్ అయితే విత్. సెంటెన్స్ అయితే టు. ఎర్రర్ స్పాటింగ్‌లో అక్విట్ పక్కన ఫ్రమ్, అక్యూజ్ పక్కన విత్ పెట్టి అడుగుతుంటారు.

డీమ్ అన్నా రిగార్డ్ అన్నా 'అలా పరిగణించు' అనే. కానీ డీమ్ తర్వాత యాజ్ రాదు, రిగార్డ్ తర్వాత వస్తుంది. ఇది గుర్తుండాలంటే పుట్టపర్తిని తలచుకోండి. అనంతపురంలోని ఎస్కే (శ్రీకృష్ణదేవరాయ) యూనివర్సిటీ రాష్ట్ర చట్టంతో ఏర్పడింది. పుట్టపర్తిలోని సత్యసాయి విద్యాసంస్థకు మాత్రం 1956 నాటి యూజీసీ చట్టం 3వ సెక్షన్ కింద 1981లో యూనివర్సిటీతో సమానమైన హోదా వచ్చింది, అందుకే దాన్ని డీమ్డ్ టు బి యూనివర్సిటీ అంటారు. డీమ్డ్ యాజ్ అని ఎవరూ రాయరు. లోక్ అదాలత్ అవార్డును కూడా 1987 నాటి చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీగా డీమ్ చేస్తారు, దాని మీద అప్పీల్ ఉండదు.

ఇక 72వ అధికరణ. రాష్ట్రపతి క్షమాభిక్ష అధికారంలోని మాటలు జీఎస్ (జనరల్ స్టడీస్)లోనూ ఇంగ్లిష్‌లోనూ వస్తాయి కాబట్టి ఒక్కసారి శ్రద్ధ పెడితే రెండు చోట్లా లాభం. పార్డన్ అంటే నేరమూ శిక్షా రెండూ పోతాయి. కమ్యూట్ అంటే శిక్ష రకమే మారి తేలికదవుతుంది, ఉరి బదులు యావజ్జీవం. రెమిట్ అంటే రకం మారకుండా కాలం తగ్గుతుంది. రెస్పైట్ అంటే గర్భిణి కావడం లాంటి ప్రత్యేక కారణంతో తక్కువ శిక్ష. రిప్రీవ్ అంటే శిక్ష అమలును కొంతకాలం ఆపడం. కమ్యూట్‌కు రోజూ ఉద్యోగానికి వెళ్లి రావడం అనే అర్థం కూడా ఉంది, ఆప్షన్లలో రెండూ పెడతారు. వాక్యంలో సెంటెన్స్ (శిక్ష) అన్న మాట ఉందో లేదో చూసి టిక్ పెట్టండి.