వేడి గదిలో యోగా: నా సాధన డైరీ

చేరేముందు

నేను చేరిన స్టూడియోలో గదిని 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. క్లాసు గంటా పావు. ఆసనాలతో పాటు ఓంకారం, శాంతి మంత్రం, పతంజలి యోగసూత్రాల మీద కాసేపు మాట, చివర్లో ధ్యానం ఉంటాయి. "హాట్ యోగా" అని బోర్డు పెట్టినవన్నీ ఇలాగే ఉండవు. హాట్ యోగాను ప్రచారంలోకి తెచ్చిన బిక్రమ్ చౌధురి పద్ధతిలో గది 40 డిగ్రీలు దాటుతుంది, తేమ 40 శాతం దగ్గర ఉంచుతారు. గంటన్నర పాటు ప్రతిసారీ అవే 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు. ఆ వరుస మీద కాపీరైట్ చెల్లదని 2015లో అమెరికా అప్పీల్స్ కోర్టు తేల్చింది. ఇప్పుడు చాలా స్టూడియోలు ఆయన పేరు తీసేసి అదే క్లాసును "26 అండ్ 2" అని నడుపుతున్నాయి. అక్కడ మంత్రాలూ ధ్యానమూ దాదాపు ఉండవు, అద్దం ముందు నిలబడి చేసే క్రమశిక్షణే అంతా. మాది విన్యాస పద్ధతి. శ్వాసతో పాటు ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి వెళ్తూ ఉంటాం, వరుస రోజూ మారుతుంది.

చేరేముందు ఫోన్ చేసి కొన్ని విషయాలు అడిగాను. వేడి ఎంత, తేమ కూడా పెడతారా, మధ్యలో బయటికి వెళ్లొచ్చా, టీచర్ చేత్తో పట్టుకుని సరిచేస్తారా, మంత్రాలు పలకడం తప్పనిసరా. చివరి మూడింటికి వచ్చే జవాబులను బట్టే స్టూడియో ఎలాంటిదో తెలిసిపోతుంది. "మీ ఇష్టం" అన్నారు, కాబట్టి వెళ్లాను. వేడిలోంచి బయటికి పోనివ్వని చోటికి మాత్రం ఎంత గొప్ప గురువు ఉన్నా వెళ్లేవాణ్ణి కాదు.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, ఒంట్లో నీరు తీసేసే మాత్రలు వాడేవాళ్లు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఈ గదిలో అడుగు పెట్టకూడదు. జ్వరం తగ్గిన మర్నాడూ వద్దు, మద్యం తాగిన మర్నాడూ వద్దు.

మొదటి క్లాసు

తలుపు తీయగానే తగిలిన వేడి కన్నా అందులో కలిసిన అగరుబత్తి పొగే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మూసిన గది, వేడి గాలి, పైన పొగ. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ సంగతి కూడా ముందే అడిగి పెట్టుకోవాలి.

క్లాసుకు పావుగంట ముందే లోపలికి రానిస్తారు. ఆ సమయాన్ని వదులుకోవద్దు. మ్యాట్ పరిచి వెల్లకిలా పడుకుంటే చాలు, ఒళ్లు మెల్లగా వేడికి సర్దుకుంటుంది. చోటు ఎంచుకోవడంలో కొంచెం లెక్క ఉంది. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి నిలబడి చేసే ఆసనాల్లో తల దగ్గర వేడి ఎక్కువ, నేల మీద తక్కువ. బ్లోయర్ ఎదురుగా పడితే ఆ ఒక్క మూల మిగతా గది కన్నా మండిపోతుంది. కొన్నిచోట్ల పైకప్పుకు ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్స్ ఉంటాయి. అవి గాలి కన్నా ముందు ఒంటిని వేడి చేస్తాయి, సరిగ్గా కింద ఉంటే నడినెత్తిన ఎండ తగిలినట్టే. కొత్తవాళ్లకు తలుపు పక్కన రెండో వరుస మేలు. గాలి తగులుతుంది, ముందున్నవాళ్లను చూసి చేయొచ్చు.

మూడుసార్లు ఓంకారంతో మొదలైంది. నాలుగైదు నిమిషాలు ఒక సూత్రం మీద మాట్లాడి, ఎవరికి వారు మనసులో ఒక సంకల్పం చెప్పుకోమన్నారు. ఆపైన సూర్య నమస్కారాలు. మూడో నమస్కారానికే నా మోచేతుల మీంచి చెమట బొట్లు రాలుతున్నాయి.

కళ్లు తిరగడం గురించి కాస్త వివరంగా రాసుకోవాలి, ఎందుకంటే కొత్తవాళ్లందరి టెన్షన్ అదే. ఒంటిని చల్లబరచడానికి రక్తం ఎక్కువగా చర్మం వైపు మళ్లుతుంది. చెమట రూపంలో నీరు పోతూ ఉంటుంది. ఆ స్థితిలో ముందుకు వంగి ఒక్క ఊపున లేస్తే తలకు రక్తం అందడం క్షణకాలం వెనకబడుతుంది. నిలబడి ముందుకు వంగే ఉత్తానాసనం నుంచి లేచినప్పుడు, ఉష్ట్రాసనంలో వెనక్కి వంగి తిరిగి వచ్చినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. సగం లేచి, వెన్ను చదును చేసి, ఒక శ్వాస అక్కడ ఆగి, అప్పుడు పూర్తిగా లేవాలి. నాకు బాగా పనికొచ్చిన కొలమానం ముక్కు. ముక్కుతో శ్వాస ఆడినంతసేపు కొనసాగించడం, నోరు తెరవాల్సి వస్తే బాలాసనంలోకి, అంటే మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు ఆనించే విశ్రాంతి ఆసనంలోకి దిగిపోవడం. తలనొప్పి, వికారం, అంత వేడిలోనూ చలి వేసినట్టు రోమాలు నిక్కబొడుచుకోవడం, మాట తడబడటం, ఇవి బాలాసనంతో సరిపెట్టుకునే లక్షణాలు కావు. బయటికి వెళ్లిపోవాలి, ఒంటరిగా కాకుండా ఎవరికైనా చెప్పి మరీ వెళ్లాలి.

ఒళ్లు అలవాటు పడుతున్నప్పుడు

రోజు విడిచి రోజు వెళ్లడం నాకు సరిపోయింది. వేడికి ఒళ్లు అలవాటు పడటం నిజంగానే జరిగే మార్పు. రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. వరసగా వేడిలో శ్రమ చేస్తే వారం రెండు వారాల్లో చాలావరకు సమకూరుతుంది, కొన్ని వారాలు మానేస్తే అంతా పోతుంది. ఊరెళ్లి ఆలస్యంగా తిరిగొచ్చిన వాళ్లు పాత బలం ఉందనుకుని మొదటి క్లాసులోనే దూకుడు చూపిస్తే అందుకే కూలబడతారు.

గది వేడి ఒకటే అయినా తేమ ఎక్కువున్న రోజు క్లాసు రెట్టింపు కష్టం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, మ్యాట్ మీద కారిపోయిన చెమట వల్ల ఉపయోగం ఏమీ లేదు. అందుకే ఎంత చెమట పడితే అంత మంచి సాధన అన్న మాటను నేను పట్టించుకోను. చెమటతో విషాలు బయటికి పోతాయని కూడా తరచూ వినిపిస్తుంది. చెమట అంటే ప్రధానంగా నీరు, ఉప్పు. ఆ శుభ్రం చేసే పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి.

నీళ్ల లెక్క తేల్చుకోవడానికి క్లాసుకు ముందూ తర్వాతా బరువు చూసుకున్నాను. తగ్గిన ప్రతి కిలో దాదాపు ఒక లీటరు చెమట, అందులో కొవ్వు కరిగింది ఏమీ లేనట్టే. ఆ నీటిని గటగటా ఒకేసారి తాగకుండా రెండు మూడు గంటల్లో, కాస్త ఉప్పు ఉన్న ఆహారంతో పాటు తిరిగి తీసుకోవాలి. ఉత్త నీళ్లు విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. క్లాసుకు రెండు మూడు గంటల ముందు నుంచి కడుపు నిండా తినకపోవడం మంచిది. ఖాళీ కడుపు అస్సలు పనికిరాదు, నాకైతే కాళ్లు వణికాయి.

ఆసనాల్లో మార్పు అన్నిటికన్నా ముందు, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో కనిపించింది. అంతకుముందు పిక్కల దగ్గర ఆగిపోయే వేళ్లు పాదాలను పట్టుకున్నాయి. సంతోషంతో పాటు అనుమానమూ కలిగింది. వేడికి కండరాలు సాగుతాయి, నొప్పి కూడా కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. పిరుదుల కింద ఎముకకు అతుక్కున్న చోట లాగినట్టు అనిపిస్తే అక్కడితో ఆపేస్తున్నాను. అందినంత దూరంలో పదో వంతు వదిలేయడం నేను పెట్టుకున్న నియమం.

మంత్రం, మాట, ధ్యానం

ఈ స్టూడియోను ఎంచుకున్నదే ఈ భాగం కోసం కాబట్టి దీని మీద గట్టి అభిప్రాయాలే ఏర్పడ్డాయి. ఓంకారం పలకడానికి మొదట్లో బిడియంగా ఉంటుంది, సగంమంది పెదాలు కదుపుతారంతే. ఎవరూ పట్టించుకోరు. దీర్ఘంగా శ్వాస వదలడం వల్ల గుండె వేగం నెమ్మదిస్తుంది. నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ లాభం అందరిదీ. కొన్నిరోజులు హార్మోనియం తెచ్చి కీర్తన పాడిస్తారు. పాడనివాళ్లు కళ్లు మూసుకుని కూర్చుంటారు.

పేచీ అంతా వేడికీ ఆధ్యాత్మికతకూ ముడిపెట్టడం దగ్గర వస్తుంది. "ఈ వేడిని భరించడమే తపస్సు" అన్నాడు ఒక టీచర్. 15వ శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు సాధన చేసే చోటు ఎలా ఉండాలో చెబుతూ దగ్గర్లో నిప్పు ఉండకూడదంటాడు. సాధన మొదలుపెట్టిన కొత్తలో నిప్పు కాచుకోవద్దని కూడా అంటాడు. అయితే శ్రమ వల్ల పుట్టిన చెమటను ఒంటికే రుద్దుకోమన్నదీ ఆయనే. మా టీచర్లు చెమట తుడవొద్దనడానికి ఆధారం ఇదే కాబోలు. కళ్లలోకి దిగే చెమటను మాత్రం నేను తుడిచేస్తాను, స్వాత్మారాముడు ఏమనుకున్నా సరే.

పతంజలి వరుస ఇంకా స్పష్టం. యోగసూత్రాల రెండో అధ్యాయమైన సాధనపాదంలో 46వ సూత్రం ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలంటుంది. 47వది ప్రయత్నాన్ని సడలించమంటుంది. ఆ తర్వాతే, 48లో, ద్వంద్వాలు, అంటే ఒకదానికొకటి ఎదురైన జంటలు, బాధించవన్న మాట వస్తుంది. అక్కడ ఆ సూత్రాలకు పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం ఇచ్చే ఉదాహరణ చలి, వేడి. అంటే వేడి బాధించకపోవడం ఆసనం కుదిరాక దక్కేది. పళ్లు బిగించి వేడిని ఓర్చుకుంటే ఆసనం కుదురుతుందని అక్కడ లేదు. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో ఊగిపోతూ ముఖం బిగించుకున్నవాడి కన్నా బాలాసనంలో హాయిగా శ్వాస తీస్తున్నవాడే ఆ సూత్రానికి దగ్గరగా ఉన్నాడని నా ఉద్దేశం. మా పెద్ద టీచర్ కూడా ఇదే పాటిస్తారు. ఎవరైనా కూర్చుండిపోతే గొంతు పెంచి "లేవండి" అనరు. ఆ ఒక్క కారణానికే ఆవిడ క్లాసులు చూసుకుని వెళ్తున్నాను.

చేత్తో సరిచేయడం విషయంలో ఇక్కడి పద్ధతి నచ్చింది. మ్యాట్ ముందు ఒక చిన్న చెక్క బిళ్ల ఉంటుంది. ఒకవైపు తిప్పి పెడితే తాకొచ్చని, ఇంకోవైపు పెడితే తాకొద్దని. చెమటతో జారే ఒంటిని ఎవరో నెట్టడం ప్రమాదం కూడా, కాబట్టి నాది ఎప్పుడూ రెండో వైపే.

సామాన్లు

మ్యాట్ మీద దాని పొడవంతా పట్టే టవల్ తప్పనిసరి, లేకపోతే చేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో చేతులు జారిపోతాయి. పొడి టవలే ఎక్కువ జారుతుంది. చేతులు ఆనే చోట ముందే కాస్త నీళ్లు చల్లుకోవాలి. ముఖానికి ఇంకో చిన్న టవల్. కాటన్ టీషర్ట్ తడిసి బరువెక్కి వంగినప్పుడు ముఖం మీదకి జారుతుంది, ఒంటికి పట్టి ఉండే, త్వరగా ఆరే బట్టలు నయం. ఒంటికి నూనె, లోషన్ వద్దు. తడి బట్టలకు విడి సంచి. క్లాసు అయ్యాక మ్యాట్‌ను చుట్టేసి వదిలేస్తే మర్నాటికి వాసన, అందుకే తుడిచి నీడలో ఆరేస్తున్నాను.

ఇప్పుడు ఎక్కడున్నాను

క్లాసు మొత్తంలో కూర్చుండిపోవడం తగ్గింది, ఉష్ట్రాసనం తర్వాత మాత్రం ఇంకా ఆగుతున్నాను. శవాసనంలో నిద్ర పట్టేయడం మానలేదు, ధ్యానం గంట వినిపిస్తే గాని మెలకువ రాదు. వచ్చే నెల వారానికి ఒక క్లాసు వేడి లేని గదికి మార్చుకుంటున్నాను. అక్కడ కూడా పాదాలు అందుతాయా, లేక ఆ వంపంతా గది ఇచ్చిందేనా అన్నది చూసి రాస్తాను.