సీఎన్‌సీ టేబుల్‌కి ప్లాస్మా కట్టర్: ఆంపియర్ల కంటే ముందు చూసినవి

కంప్యూటర్ చెప్పిన దారిలో లోహపు ప్లేట్లు కోసే సీఎన్‌సీ టేబుల్ కట్టుకుంటున్నాను. ఫ్రేము, గ్యాంట్రీ (కోసే టార్చ్‌ను మోస్తూ టేబుల్ మీద కదిలే వంతెన), మోటార్లు కుదిరాయి. టార్చ్ ఉండాల్సిన చోట మార్కర్ పెన్ను బిగించి గీయిస్తే వృత్తాలు గుండ్రంగా వస్తున్నాయి, చతురస్రం కర్ణాలు రెండూ సమానంగా ఉన్నాయి. ఇక మిగిలింది ప్లాస్మా కట్టర్, అంటే విద్యుత్ ఆర్క్‌తో గాలిని ప్లాస్మాగా మార్చి ఆ వేడితో లోహాన్ని కరిగించి కోసే మెషీన్. ఈ దశను కాస్త వివరంగా రాస్తున్నాను. చేత్తో కోయడానికి బాగున్న మెషీన్ టేబుల్ మీద కూడా బాగుంటుందన్న నమ్మకం లేదు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేవి ఆంపియర్లు, కోసే మందం. టేబుల్ కట్టుకునేవాళ్లు మాత్రం ఆర్క్ ఎలా వెలుగుతుంది, మెషీన్ బయటికి ఏ సిగ్నళ్లు ఇస్తుంది అన్న రెండు విషయాలు ముందు చూడాలి.

ఆర్క్ వెలిగించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది హై ఫ్రీక్వెన్సీ. వేల వోల్టుల స్పార్క్ టార్చ్ లోపలి ఎలక్ట్రోడ్‌కీ, ప్లాస్మా బయటికి వచ్చే నాజిల్‌కీ మధ్య ఉన్న గాలిని చీల్చి కరెంటుకు దారి చేస్తుంది. చేత్తో కోసేటప్పుడు దీనితో ఇబ్బందేమీ లేదు. టేబుల్ మీద మాత్రం ఆ స్పార్క్ జరిగినప్పుడల్లా టార్చ్ కేబుల్ మొత్తం యాంటెన్నాలా పనిచేసి చుట్టుపక్కల వైర్లలోకి నాయిస్ పంపిస్తుంది. యూఎస్‌బీ కనెక్షన్ తెగిపోవచ్చు, గ్యాంట్రీ అంచు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్ ఎవరూ తాకకుండానే నొక్కుకుందని కంట్రోలర్ ఆగిపోవచ్చు, మోటార్ స్టెప్పులు తప్పి సగం కోసిన ప్లేటు పాడవచ్చు. స్నేహితుడి దగ్గర అలాంటి మెషీన్ తెచ్చి, టేబుల్‌కి కలపకుండా పక్కనే పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూశాం. అంత దూరం నుంచే కంట్రోలర్ తప్పుడు లిమిట్ అలారం చూపించింది. షీల్డ్ ఉన్న కేబుళ్లు, టేబుల్‌కి విడిగా ఎర్త్ రాడ్, యూఎస్‌బీ బదులు ఈథర్‌నెట్ కంట్రోలర్ వాడి ఇలాంటి మెషీన్లతోనూ చక్కగా కోస్తున్నవాళ్లు ఉన్నారు. కానీ ఆ పోరాటం నాకు అక్కర్లేదనిపించింది.

రెండోది బ్లోబ్యాక్. టార్చ్ లోపల ఎలక్ట్రోడ్, నాజిల్ మొదట ఆనుకునే ఉంటాయి. కరెంటు పారడం మొదలయ్యాక గాలి ఒత్తిడి ఎలక్ట్రోడ్‌ని వెనక్కి నెడుతుంది, అవి విడిపోయే చోట పైలట్ ఆర్క్ (ప్లేటును అందుకోకముందే టార్చ్‌లో వెలిగే చిన్న ఆర్క్) పుడుతుంది. వేల వోల్టుల స్పార్క్‌తో పని లేదు కాబట్టి నాయిస్ చాలా తక్కువ. ‘పైలట్ ఆర్క్ ఉంది’ అన్న మాట చూసి మాత్రం తృప్తి పడకండి. హై ఫ్రీక్వెన్సీ మెషీన్లలోనూ పైలట్ ఆర్క్ ఉంటుంది. మాన్యువల్లో ఆర్క్ వెలిగే పద్ధతి ఏమిటో స్పష్టంగా రాసి ఉందో లేదో వెతకండి.

ఇక సిగ్నళ్లు. టేబుల్‌కి మూడు కావాలి. టార్చ్ వెలిగించమని కంట్రోలర్ చెప్పే స్టార్ట్, ఆర్క్ ప్లేటుకు అందింది ఇక కదలవచ్చు అని మెషీన్ చెప్పే ఆర్క్ ఓకే, తగ్గించి ఇచ్చే ఆర్క్ వోల్టేజ్. స్టార్ట్ కోసం ట్రిగ్గర్ వైర్లకు రిలే కలిపినా సరిపోతుంది. ఆర్క్ ఓకే లేకపోతే ఆర్క్ అందకుండానే గ్యాంట్రీ కదిలిపోయి, కోత మొదట్లో తెగని ముక్క మిగులుతుంది.

మూడోది అన్నిటికంటే విలువైనది. 45 ఆంపియర్ల తరగతిలో టార్చ్ ప్లేటుకు 1.5 మి.మీ. ఎత్తులో నడవాలి. వేడికి షీట్ వంగుతుంది, లేస్తుంది. టార్చ్ ఎత్తు పెరిగితే ఆర్క్ పొడవవుతుంది, వోల్టేజ్ పెరుగుతుంది. ఎత్తును సరిచేసే టీహెచ్‌సీ (టార్చ్ హైట్ కంట్రోల్) మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. కోసేటప్పుడు ఆ వోల్టేజ్ వంద దాటే ఉంటుంది, ఆర్క్ లేనప్పుడు అంతకు రెండింతలు కూడా ఉండవచ్చు. దాన్ని నేరుగా కంట్రోల్ బోర్డుకు కలపడం ప్రాణాలకే ప్రమాదం. మెషీన్ వెనక సీపీసీ పోర్టు (కంట్రోలర్‌కి ఈ సిగ్నళ్లు కలిపే గుండ్రటి సాకెట్) ఉండి 50:1 నిష్పత్తిలో తగ్గించి ఇస్తే 125 వోల్టులు 2.5 వోల్టులుగా బయటికి వస్తాయి. పోర్టు లేని మెషీన్ కవర్ విప్పి వైర్లు లాగడం నాకు ఇష్టం లేదు.

మందం విషయంలో కేటలాగులను జాగ్రత్తగా చదవాలి. అంచు నుంచి కోయగలిగే మందం వేరు, ప్లేటు మధ్యలో రంధ్రం పొడిచి మొదలుపెట్టగలిగే మందం వేరు. టేబుల్ మీద దాదాపు ప్రతి కోతా పొడవడంతోనే మొదలవుతుంది. హైపర్‌థెర్మ్ కంపెనీ కట్టర్ పవర్‌మ్యాక్స్ 45 ఎక్స్‌పీనే తీసుకుంటే, సిఫారసు చేసిన కోత 16 మి.మీ., పొడవగలిగేది 12. నా పని ఎక్కువగా 3 నుంచి 6 మి.మీ. బ్రాకెట్లు, అప్పుడప్పుడూ 10. అందుకే 45 దగ్గర ఆగాను.

ఇంకా పెద్దది తీసుకోకపోవడానికి టేబుల్ వేగం కూడా కారణం. 45 ఆంపియర్లతో 6 మి.మీ. ప్లేటును నిమిషానికి సుమారు 2 మీటర్ల వేగంతో కోయవచ్చు. అదే కరెంటుతో 1.5 మి.మీ. షీట్ అయితే 8 మీటర్ల దరిదాపుల్లో పరుగెత్తాలి. సూటి గీతలో నా గ్యాంట్రీ ఆ వేగం అందుకుంటుంది, చిన్న చిన్న మూలల్లో మాత్రం అందుకోలేదు. అందుకే పలుచని షీట్లకు కరెంటు తగ్గించి, సన్నని కోతకు చేసిన ఫైన్ కట్ నాజిల్ వాడుతున్నాను. బరువైన, నెమ్మది టేబుల్‌కి ఎక్కువ ఆంపియర్ల మెషీన్ బిగిస్తే పలుచని షీటు కరిగి స్లాగ్ (అంచుకు అంటుకుని గట్టిపడే లోహం) ముద్దలు కడుతుంది.

కరెంటు లెక్క: 45 ఆంపియర్లు, 145 వోల్టులు అంటే 6.5 కిలోవాట్లు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద, మెషీన్‌లో పోయే నష్టం కూడా కలిపితే, 30 ఆంపియర్లు దాటుతుంది, విడి లైను, తగిన బ్రేకర్ తప్పనిసరి. డ్యూటీ సైకిల్ 50 శాతం అంటే 10 నిమిషాల్లో 5 నిమిషాలే కోత. చేతి పనికి అది చాలు, టేబుల్ మాత్రం ఆపకుండా కోస్తూ పోతుంది. టార్చ్ కూడా నిటారుగా ఉండే మెషీన్ టార్చ్ తీసుకోండి. వంపు తిరిగిన చేతి టార్చ్‌ను క్లాంపుల్లో ఇరికిస్తే లంబం కుదరడం కష్టం.

గాలి మీద అందరూ తక్కువ శ్రద్ధ పెడతారు. ఈ తరగతికి దాదాపు 6 బార్ ఒత్తిడితో నిమిషానికి 190 లీటర్ల గాలి ఆగకుండా కావాలి. కంప్రెసర్ మీద రాసిన సిలిండర్ డిస్‌ప్లేస్‌మెంట్ కాదు, నిజంగా బయటికిచ్చే గాలి చూడండి. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గాలిలో తేమ నిండుగా ఉంటుంది. ఆ తేమ ఎలక్ట్రోడ్ కొనలోని హాఫ్నియం అనే లోహాన్ని త్వరగా తినేస్తుంది, కోత అంచు పాడవుతుంది. కంప్రెసర్ తర్వాత పొడవైన రాగి గొట్టం, నీరు వేరుచేసే ఫిల్టరు, చివర్లో సిలికా జెల్ డ్రైయర్ పెట్టాను. రాగి గొట్టంలో గాలి చల్లబడ్డాకే నీరు విడిపోతుంది, కాబట్టి ఫిల్టరును కంప్రెసర్‌కి ఆనించి బిగించకూడదు.

బ్లోబ్యాక్, సీపీసీ పోర్టు, మెషీన్ టార్చ్ ఉన్న 45 ఆంపియర్ల కట్టర్ ఇప్పుడు టేబుల్ పక్కన ఉంది. కంట్రోలర్‌కి సాఫ్ట్‌వేర్ లినక్స్‌సీఎన్‌సీ, అందులో ప్లాస్మా కోతకు ఉన్న భాగం క్యూటీప్లాస్మాసీ. 6 మి.మీ. ప్లేటు మీద 3.8 మి.మీ. ఎత్తు నుంచి పొడిచి, 1.5కి దిగి కోస్తే స్లాగ్ చేతి ఉలితో నెడితే రాలిపోతోంది. తిరిగే ప్లాస్మాలో టార్చ్ కదిలే దిశకు కుడి అంచే నిటారుగా వస్తుంది, అందుకని బయటి ఆకారాలు గడియారం దిశలో, రంధ్రాలు వ్యతిరేక దిశలో కోయిస్తున్నాను. కంట్రోలర్ ఎక్కడా తడబడలేదు. ఆ సంతోషం మామూలుది కాదు!

ఇంకా మిగిలింది మూలల పని. మూల దగ్గర గ్యాంట్రీ నెమ్మదిస్తే కోత వెడల్పవుతుంది, వోల్టేజ్ పెరుగుతుంది, ఎత్తు పెరిగిందనుకుని టీహెచ్‌సీ టార్చ్‌ని కిందికి దించుతుంది. వేగం నిర్ణీత శాతం కంటే తగ్గినప్పుడు టీహెచ్‌సీని ఆపే సెట్టింగు ఉంది. 90 శాతంతో మొదలుపెట్టి, 3 మి.మీ. షీట్ మీద పళ్లచక్రం ఆకారం కోస్తూ ఏ విలువ దగ్గర టార్చ్ దిగడం ఆగుతుందో చూడాలి.