పని వేళల వెలుపల వచ్చిన ఆలోచన ఎవరిది?

మేధోసంపత్తి విధానపత్రం చదివి రేపటిలోగా సంతకం చేయాలని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అందులో "పని వేళలలోనైనా, వాటి వెలుపలనైనా ఉద్యోగికి కలిగిన ప్రతి ఆలోచనా సంస్థకే చెందుతుంది" అన్న ఒక్క వాక్యం భోజనాలయ్యాక కూడా నన్ను వదలలేదు. కాపీరైట్ ఆలోచనకు ఉండదనీ, దానిని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందనీ ఆ పత్రం రాసినవారికి తెలిసినట్టు లేదు. "అందరూ అలాగే రాస్తారు, సంతకం చేసి పడుకో" అని శ్రీవారు సలహా ఇచ్చారు. ఆ సలహాతో నా చిరాకు ఏ పాటి తగ్గి ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

నీలికాంతి ఎల్‌ఈడీ కనిపెట్టినవారిలో ఒకరైన షూజీ నకమురాకు ఆయన పనిచేసిన జపాన్ సంస్థ నిచియా ఆ ఆవిష్కరణ నిమిత్తం మొదట ఇచ్చినది 20,000 యెన్లు మాత్రమే. 2,000 కోట్ల యెన్లు చెల్లించాలని 2004లో టోక్యో జిల్లా న్యాయస్థానం తీర్పు చెప్పగా, మరుసటి ఏడాది దాదాపు 84 కోట్లకు రాజీ కుదిరింది. ఉద్యోగి ఆవిష్కరణకు తగిన ప్రతిఫలం ఇవ్వాలని జర్మనీలో 1957లోనే చట్టం చేశారు. మా పత్రంలో ప్రతిఫలమన్న మాటే లేదు.

ఇలాంటి కాగితాలు లేకపోతేనే నయమని రాయబోతూ ఆగాను. ఎందుకంటే, అసలు ఏ విధానమూ లేని సంస్థలో నేను ఇదివరకు పనిచేశాను. అక్కడ మా సహోద్యోగి ఒకాయన ఎంతో శ్రమపడి రూపొందించిన కవాటాన్ని అమ్మకాల విభాగం వారు ఉత్సాహంగా ఒక ప్రదర్శనలో పెట్టి, లోపలి అమరిక బొమ్మలతో సహా కరపత్రాలు పంచారు. తరువాత పేటెంట్ న్యాయవాది దగ్గరకు వెళితే, పేటెంట్ కొత్తదానికే ఇస్తారనీ, బహిరంగంగా చూపించినది కొత్తదిగా చెల్లదనీ, అమెరికాలో చూపించాక దరఖాస్తుకు ఏడాది గడువు ఉన్నా, యూరప్‌లో దాదాపుగా ఆశ వదులుకోవలసిందేననీ చెప్పారు. చూపించే ముందు ఎవరిని అడగాలో ఎక్కడా రాసి లేదు కనుక అమ్మకాల వారిని తప్పుపట్టే వీలు కూడా లేకపోయింది. ఆ కవాటాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పరిస్థితి కూడా అంతే. దానిని బయటి వ్యక్తి చేత డబ్బిచ్చి రాయించారు గాని, హక్కుల బదిలీ రాయించుకోలేదు. మార్పులు చేయబోతే కాపీరైట్ తనదేనని ఆయన అన్నాడు, చాలా దేశాల చట్టం ప్రకారం అది న్యాయమే. చివరకు సంస్థకూ ఏమీ మిగలలేదు, మా సహోద్యోగికీ ఏమీ దక్కలేదు. నకమురాకైనా కోర్టులో వాదించడానికి ఒక పేటెంట్ ఉంది.

కాబట్టి విధానం ఉండి తీరాలి. దురాశ వాక్యం మాత్రం పోవాలి. అయితే ఈ పత్రంలో వ్యూహమని చెప్పుకోదగినది ఏడాదికి ఇన్ని పేటెంట్ దరఖాస్తులు వేయాలన్న లక్ష్యం ఒక్కటే. దరఖాస్తు వేస్తే సాధారణంగా 18 నెలలకు అది లోకమంతటికీ తెలుస్తుంది, పేటెంట్ వచ్చినా హక్కు 20 ఏళ్లే, అంతకాలమూ ఒక్కో దేశంలో రుసుములు కడుతూ ఉండాలి. బయటినుంచి చూసి ఎవరూ పసిగట్టలేని తయారీ పద్ధతినైతే రహస్యంగా ఉంచుకోవడమే లాభం కావచ్చు. 1959లో వోల్వో తన మూడు బిందువుల సీటు బెల్టు పేటెంట్‌ను ఇతర తయారీదారులకు తెరిచి ఉంచింది. అదీ ఆలోచించి తీసుకున్న నిర్ణయమే.

సంతకానికి బదులు రేపు ఉత్తరం పంపుతాను. ఉద్యోగ బాధ్యతకు గాని, సంస్థ వనరులకు గాని సంబంధించిన పనికే హక్కును పరిమితం చేయమనీ, ఆవిష్కర్త వాటా ఎంతో రాయమనీ అడుగుతాను. ఏ పేటెంట్‌ను నిలబెట్టాలో, దేనిని రుసుము కట్టకుండా వదిలేయాలో తేల్చేది ఎవరో కూడా చెప్పమంటాను.