నాన్న చేత్తో తడిమి చూసిన రాళ్ళు

నాన్న నలభై ఏళ్ళు తాపీ పని చేశాడు. పోయిన వేసవిలో అమెరికాలో మేముండే విచిటాకి వచ్చినప్పుడు ఏం చూపించాలో తోచలేదు. పెద్ద మాల్‌కి తీసుకెళ్తే అరగంటలోనే "ఇక పోదామా" అన్నాడు. ఒక శుక్రవారం సెలవు పెట్టి, ఫ్లింట్ హిల్స్‌లో ఉన్న ఛేజ్ కౌంటీకి తీసుకెళ్ళాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కానీ మొత్తం కలిపినా జనం మూడు వేలు కూడా ఉండరు. ఎటు చూసినా గడ్డి కొండలూ ఆవులూ. ఆ గడ్డి కిందంతా సున్నపురాయి.

అక్కడ కాటన్‌వుడ్ ఫాల్స్ అనే ఊళ్ళోని కోర్టు భవనం 1873లో ఆ రాయితోనే కట్టారు. ఎర్రటి కప్పు, మీద గడియారం. కాన్సస్ రాష్ట్రంలో ఇప్పటికీ వాడుకలో ఉన్న కోర్టు భవనాల్లో ఇదే పాతది. మేం వెళ్ళేసరికి ఒకావిడ కౌంటర్ దగ్గర బండి రిజిస్ట్రేషన్‌కి డబ్బు కడుతోంది. లోపల మెలికలు తిరుగుతూ పైకి పోయే మెట్లున్నాయి, నది ఒడ్డున పెరిగిన వాల్‌నట్ చెట్లు కొట్టి చేసినవి. నాన్న ఆ చెక్క పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. "వాడుతున్నారు కాబట్టి బతికుందిరా. తాళం వేసిన ఇల్లు పదేళ్ళు కూడా ఆగదు" అన్నాడు.

ఈ భవనం పేరు జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లో ఉందని చెప్పాను. "అయితే ఎవరూ కూలగొట్టకూడదన్నమాట" అన్నాడు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 1966 చట్టంతో వచ్చిన ఆ రిజిస్టర్ చేసే పని వేరు. కేంద్ర ప్రభుత్వ డబ్బుతోనో అనుమతితోనో జరిగే పని ఏదైనా అలాంటి కట్టడానికి నష్టం చేస్తుందేమో ముందే పరిశీలించాలి. అద్దెకో వ్యాపారానికో వాడే భవనాన్ని పద్ధతిగా బాగుచేయిస్తే, ఖర్చులో 20 శాతం పన్నులో తగ్గుతుంది. అంతేగానీ సొంతదారు తన డబ్బుతో తన గోడ పడగొట్టుకుంటానంటే ఆ రిజిస్టర్ ఒక్కటే ఆపలేదు. రాష్ట్ర చట్టం, ఊరి నిబంధనలు అడ్డుపడితే అది వేరే సంగతి. ఇది విని నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడినుంచి టాల్‌గ్రాస్ ప్రెయరీ అనే గడ్డి మైదానం వైపు వెళ్ళాం. కొండమీద ఒంటి గది బడి ఉంది, 1882లో కట్టింది. 1930లో మూతపడింది. దాన్ని 1960ల చివర బాగుచేయించింది చుట్టుపక్కల గార్డెన్ క్లబ్బుల వాళ్ళు. రిజిస్టర్‌లోకి ఎక్కింది ఆ తర్వాతే. నాకు ఆ కౌంటీలో అన్నిటికన్నా ఇష్టమైన కట్టడం ఇదే. పూలమొక్కలు పెంచుకునేవాళ్ళకి ఈ బడి మీద జాలి కలగకపోతే ఈ పాటికి రాళ్ళ కుప్పే మిగిలేది.

చివరికి క్లెమెంట్స్ అనే ఊరి దగ్గర రాతి వంతెన. 1880ల నాటిది, రెండు కమానులు. ఇప్పుడు దానిమీద బండ్లు పోవు, నడిచి వెళ్ళొచ్చు. నాన్న ఒడ్డు దిగి కమాను కిందికి వెళ్ళి, తలెత్తి, వేలితో గాల్లో వరసలు లెక్కపెట్టాడు. "దీనికి సెంట్రింగ్ కొట్టిన వడ్రంగి గొప్పోడురా. అది విప్పేటప్పుడు వాడికి ముందురోజు నిద్ర పట్టి ఉండదు" అన్నాడు. నేను ఎన్నిసార్లు వచ్చినా రాయినే చూశాను, వడ్రంగి గుర్తుకే రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆగి, రెండు రాళ్ళ సందులో మొలిచిన చిన్న మొక్కను చూపించాడు. "ఇప్పుడైతే వేలితో వచ్చేస్తుంది. వేరు లావైతే రాయిని తోసేస్తుంది. ఎవరికి చెప్పాలి?"

చేతికి అందే ఎత్తు కాదు. ఫోటో తీసి, కౌంటీ ఆఫీసు ఈమెయిల్ వెతికి, అక్కడే నిలబడి రాశాను. నాన్న నా భుజం మీదుగా ఫోన్‌లోకి చూస్తూ, "ఎక్కడుందో సరిగ్గా రాశావా?" అని అడిగాడు.

'ఎడమ కమాను, కిందినుంచి తొమ్మిదో వరస' అని చేర్చి పంపాను.