ఇకాలుయిట్ నుంచి పాంగ్‌నిర్టంగ్‌కి గంట ప్రయాణం, మబ్బు ఒప్పుకుంటే

కెనడా ఉత్తరాన ఉన్న నూనావుట్‌లో 25 ఊళ్లున్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు మాత్రం లేదు. రాజధాని ఇకాలుయిట్‌లో పనిచేస్తున్న నన్ను పాంగ్‌నిర్టంగ్ వెళ్లి అక్కడి ఆఫీసు కంప్యూటర్లు మార్చి రమ్మన్నారు. చలికాలంలో స్నోమొబైల్ మీద వెళ్లేవాళ్లు ఉన్నారట. మనకంత సీన్ లేదు కాబట్టి విమానమే.

నేరుగా కొలిస్తే దూరం 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ, ఇంచుమించు హైదరాబాద్ నుంచి విజయవాడ అంత. జెట్ వేగంతో లెక్కేసుకుంటే అరగంట కూడా పట్టకూడదు. కానీ ఈ దారిలో తిరిగేది ఏటీఆర్ 42. రెండు పంకాల విమానం, గంటకు 500 కిలోమీటర్లు దాటడం కష్టం. పైకి లేవడం, కొండల మధ్య మెల్లగా దిగడం కలుపుకుంటే గంట అనుకోవాలి. టికెట్ వెతికేటప్పుడు ఇకాలుయిట్ కోడ్ వైఎఫ్‌బీ. ఊరి పాత పేరు ఫ్రోబిషర్ బే, 1987లో పేరు మారినా కోడ్ అలాగే ఉండిపోయింది.

విమానం ఎక్కేది వెనక తలుపు నుంచి. ముందు సగం సరుకు, మధ్యలో అడ్డుగోడ, వెనక మనం. నా పక్కనున్న పెద్దావిడ ఒళ్లో కాఫీ షాపు డోనట్ల పెట్టె. మనవలకట. పైన పెట్టమన్నా వినలేదు, రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

గంట గడిచింది. కింద తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. రెండు చక్కర్లు కొట్టాక పైలట్ వెనక్కి వెళ్లిపోతున్నామని చెప్పాడు. టెన్షన్ పడింది నేనొక్కణ్ణే. మిగతావాళ్లు నిద్రకు సర్దుకున్నారు.

ఎందుకు దిగలేదో మర్నాడు దిగినప్పుడు అర్థమైంది. ఇకాలుయిట్ రన్‌వే రెండున్నర కిలోమీటర్ల పైనే ఉంటుంది, 2006లో ఎయిర్‌బస్ ఏ380ని చలి పరీక్షకు అక్కడికే తెచ్చారు. పాంగ్‌నిర్టంగ్ రన్‌వే 900 మీటర్లు కూడా లేదు, అదీ కంకర. ఊరి నడిబొడ్డునే ఉంది, పక్కనే ఇళ్లు. చుట్టూ ఫియర్డ్, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ, నిటారు కొండలు. గాలి ఆ సందులోంచి ఎలా వస్తుందో విమానం కుదుపుల్లో తెలిసింది. ఇలాంటి చోట మబ్బులో తడుముకుంటూ దిగమని పైలట్‌ని ఎవరడుగుతారు!

ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ప్రయాణం గంటే అయినా దానికి ఒక రోజు కేటాయించండి, పక్కన ఇంకో రోజు ఖాళీగా ఉంచుకోండి. మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. ఇకాలుయిట్ నుంచి కెనడా రాజధాని అట్టావాకి విమానం అదే రోజుకు బుక్ చేయొద్దు. అది మూడు గంటల దూరం, మీ కోసం ఆగదు. నా తిరుగు ప్రయాణంలో ఎండ కాసింది, సరిగ్గా గంటలో దిగాం. అట్టావా టికెట్ మాత్రం మర్నాటికే తీసుకున్నాను.